ఇక్ష్వాకుల ఇంట రెండు మతాలు

మన పాఠ్యగ్రంథాలలో ఇక్ష్వాకుల గురించి ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: రాజులు వైదిక మతస్థులు, రాణులు బౌద్ధులు అని. దాని వెనకనే, తోకలాగా, ఇది ఆంధ్రుల పరమత సహనానికి నిదర్శనం అన్న మరో వాక్యం ఉంటుంది. విద్యార్థులు రెండింటినీ కంఠస్థం చేసి పరీక్షలో రాస్తారు. మేమూ మార్కులు వేస్తాం. అన్నగారు అశ్వమేధం చేసి గుర్రాన్ని బలి ఇచ్చిన ఇంట్లో, ఆయన తోబుట్టువు అహింసను బోధించిన వాడికి స్తూపం నిలబెట్టించడం ఎట్లా పొసగిందని ఆ గ్రంథకర్త అడగడు, విద్యార్థీ అడగడు. ఆ ప్రశ్న అడగకపోతే మాత్రం రెండో వాక్యం రాసే అర్హత మనకు లేదని నా అభిప్రాయం.

నాగార్జునకొండ శిథిలాలను 1926లో వెలుగులోకి తెచ్చినవాడు మద్రాసు శాసనశాఖలో పనిచేసిన ఎ. రంగస్వామి సరస్వతి. తర్వాత లాంగ్‌హర్‌స్ట్ తవ్వకాలు జరిపాడు. శాసనాలను ఫోగెల్ పండితుడు చదివి ప్రకటించాడు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని తెలిసి, అంతకు ఏడాది ముందే 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన మరొక విడత తవ్వకాలు మొదలై 1960 దాకా సాగాయి. విజయపురి నగరం ఇవాళ నీళ్ళ అడుగున ఉంది. కొన్ని కట్టడాలను కొండమీదికీ, ఒడ్డున అనుపుకీ తరలించి తిరిగి పేర్చారు. లక్షల ఎకరాలకు నీరు రావడం కోసం ఒక రాజధాని మునిగితే విచారించవలసినది పెద్దగా లేదు. శాసనాలు దక్కాయి, అదే ముఖ్యం. ఆ శాసనాలను మనం సరిగా చదవకపోవడమే విచారకరం.

శాతవాహనుల తర్వాత క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ఈ ఇక్ష్వాకులు కృష్ణాలోయను ఏలారు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, అతని కొడుకు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువుల శాంతమూలుడు, ఆ తర్వాత రుద్రపురుషదత్తుడు. మొత్తం నలుగురే రాజులు, సుమారు నూరేళ్ళు. మొదటి శాంతమూలుడు అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేసినవాడు. విరూపాక్షపతి మహాసేనుని, అంటే కుమారస్వామిని కొలిచేవాడు. కోట్ల బంగారం, లక్షల గోవులు, లక్షల నాగళ్ళ నేల దానం చేసినవాడని శాసనాలు చెబుతాయి. అంకెలను నమ్మనక్కర లేదు, ఆ కాలపు శాసనాలకు లక్ష అంటే చాలా అని అర్థం.

ఇదంతా మనకు ఏ యజ్ఞశాసనం నుంచో తెలియలేదు. బౌద్ధుల మహాచైత్యం దగ్గర నిలిపిన ఆయక స్తంభాల మీద, ప్రాకృతంలో, ఆయన తోబుట్టువు శాంతిశ్రీ చెక్కించిన శాసనాల నుంచి తెలిసింది. నేను ముందుగా మీ దృష్టిని లాగదలుచుకున్నది ఇక్కడికే. వీరపురుషదత్తుని ఆరో పాలనా సంవత్సరంలో, నూటఆరు అడుగుల వ్యాసం ఉన్న ఆ చైత్యం దగ్గర స్తంభం నిలిపిస్తూ, తథాగతునికి నమస్కారం చెప్పి, ఆ వెంటనే ఆమె తన సోదరుని యజ్ఞాల జాబితా రాయించింది. దాచలేదు. క్షమాపణ చెప్పలేదు. బౌద్ధ స్తంభం మీద అశ్వమేధం పేరు చెక్కడానికి అక్కడి భిక్షువులూ అడ్డు చెప్పినట్టు లేదు. పైగా ఆ నిర్మాణపు పనిని పర్యవేక్షించినవాడు ఆనందుడనే స్థవిరుడు, దీఘ మజ్ఝిమ నికాయాలు తెలిసిన పండితుడు. బుద్ధుడు యజ్ఞహింస గురించి ఏమన్నాడో ఆయనకు ఒకరు చెప్పవలసిన అవసరం లేదు.

శాంతిశ్రీ పూకియ వంశస్థుడైన మహాతలవరి స్కందశ్రీ భార్య. తలవరి అంటే కాపలా అధికారంతో మొదలై సామంతుని హోదాకు పెరిగిన పదవి, మన తలారి మాట అక్కడిదే. ఆమె శ్రమణులకూ, బ్రాహ్మణులకూ, దీనులకూ కూడా ఎడతెగక దానాలు చేసేదని శాసనం చెబుతుంది. ఈ దానఫలం తను పుట్టిన కులానికీ మెట్టిన కులానికీ, ఉభయకులాలలో గతించినవారికీ, ఉన్నవారికీ, రాబోయేవారికీ ఇహపర సుఖాలు కలిగించాలని కోరింది. తనకు మాత్రం నిర్వాణం కోరుకున్నది. ఇంట్లో తక్కినవారికి సుఖం, తనకు నిర్వాణం. ఎవరికి ఏది కావాలో ఆమెకు తెలుసు. తన కోరికను వారి నెత్తిన రుద్దలేదు. కనీసం రాతిమీద రుద్దలేదు.

ఆమె ఒక్కతే అయితే దీనిని ఒక వ్యక్తి విశేషమని వదిలేయవచ్చు. శాంతమూలుని మరొక సోదరి హమ్మశ్రీ కూతుళ్ళు బాపిశ్రీ, ఛఠిశ్రీలు వీరపురుషదత్తుని భార్యలు. వాళ్ళూ అదే చైత్యానికి స్తంభాలిచ్చారు. శాంతిశ్రీ కూడా తర్వాత, 18వ పాలనా సంవత్సరపు శాసనంలో, ఈ రాజును తన అల్లుడంటున్నది. అంటే మేనత్తల కూతుళ్ళను చేసుకున్నాడన్నమాట. మన మేనరికం పదిహేడు వందల ఏళ్ళనాడు రాతి మీద కనిపించే తొలి సాక్ష్యాలలో ఇది ఒకటి. ఉజ్జయిని మహారాజు కూతురు రుద్రధర భట్టారిక కూడా ఇక్కడ దానం చేసింది. వీరపురుషదత్తుని మరొక రాణి భట్టిదేవ ఒక విహారం కట్టించింది. ఆయన కూతురు కొడబలిశ్రీ వనవాస మహారాజును పెళ్ళాడి వెళ్ళి కూడా, తమ్ముడో అన్నో అయిన ఎహువులుని 11వ ఏట పుట్టింటి ఊళ్ళో మరొక విహారం కట్టించింది.

ఇక్కడ మన మిత్రులు కొందరు ఒక ఆక్షేపణ తెస్తారు. ఇందులో అభిరుచీ లేదు, సహనమూ లేదు, ఇది పాలకవర్గపు పనివిభజన అంటారు. కొత్తగా సింహాసనమెక్కిన వంశానికి క్షత్రియత్వం కావాలి. అది బ్రాహ్మణుల యజ్ఞం వల్ల వస్తుంది, కాబట్టి రాజు యజ్ఞం చేశాడు. వర్తకుల మద్దతు కావాలి. కృష్ణ వెంట రేవులకు పోయే సరుకుకు, సముద్ర వ్యాపారానికి బౌద్ధ విహారాలే బసలు. కాబట్టి అంతఃపురం విహారాలు కట్టించింది. ఎడమచెయ్యి, కుడిచెయ్యి రెండూ ఒకే ఒంటివి అంటారు.

ఈ వాదంలో సత్యముంది. విజయపురికి సింహళంతో సంబంధాలుండేవి. బోధిశ్రీ అనే ఉపాసిక తామ్రపర్ణి భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆ భిక్షువుల శాఖ కాశ్మీరం, గాంధారం, చీనా మొదలైన దేశాలను బుద్ధునివైపు తిప్పిందని ఆమె శాసనంలో గర్వంగా రాయించింది. ఓడలు తిరిగిన దారులే ఆ దేశాల పట్టికలో కనిపిస్తాయి. వ్యాపారం సన్నగిల్లిన తర్వాత విహారాలకు దానాలు తగ్గిన మాటా నిజమే. అయినా ఈ వాదంతో నాకు పూర్తి తృప్తి కలగలేదు. కారణం ఇది: శాంతిశ్రీ దానం అపరమహావినసేలీయులకు. భట్టిదేవ విహారం బహుశ్రుతీయులకు. కొడబలిశ్రీ విహారం మహీశాసకులకు. ఒకే ఇంటి అత్త, కోడలు, మనుమరాలు మూడు వేర్వేరు నికాయాలను ఎన్నుకున్నారు. వ్యాపారుల మద్దతే కావలిస్తే ఒక సంఘానికి మూడింతలు ఇచ్చి ఉండవచ్చు. వర్తకుడికి వినయపిటకంలోని భేదాలతో పనేమిటి? ఇక్కడ ఎవరికి ఇష్టమైన గురువును వాళ్ళు వెతుక్కున్న జాడ స్పష్టంగా ఉంది. వర్గ ప్రయోజనం తలుపు తెరిచింది, సరే. ఆ తలుపులోంచి ఎవరు ఏ గదిలోకి వెళ్ళారో అదొక్కటే చెప్పలేదు.

రాజుల మతం కూడా పాఠ్యగ్రంథం చెప్పినంత సూటిగా లేదు. యజ్ఞాల బిరుదులన్నీ తండ్రివి. వీరపురుషదత్తుడు తానుగా యజ్ఞం చేసినట్టు లేదు. నాగార్జునకొండ శిల్పాలలో ఒకదానిలో ఒక పురుషుడు లింగంమీద కాలు మోపినట్టు కనబడుతుందనీ, అది ఈ రాజేననీ, ఇతడు బౌద్ధం పుచ్చుకుని శైవాన్ని తొక్కేశాడనీ కొందరు పండితులు కథ అల్లారు. శిల్పంమీద పేరు లేదు. ఒక బొమ్మనుబట్టి మనిషికి మతం మార్పించడం మన పరిశోధకులకు చాలా సులువు! అతని కొడుకు ఎహువులుని కాలంలో అదే నగరంలో పుష్పభద్రస్వామికి గుడి లేచింది. ఎలిశ్రీ అనే సేనాని సర్వదేవాలయం కట్టించాడు. శాసనాలలో సంస్కృతం అడుగుపెట్టింది. అయినా ఆ పాలనలోనే కొడబలిశ్రీ విహారం కట్టుకున్నది. నది ఒడ్డున గుళ్ళూ, లోయలో విహారాలూ, కోటలో రాతిమెట్ల కోనేరూ ఒకే తరంలో ఉన్నాయి.

మరి ఇది ఎట్లా సాధ్యమైంది? నాకు తోచిన సమాధానాలు రెండు. మొదటిది మేనరికమే. కోడలు పరాయి పిల్ల కాదు, మేనత్త కూతురు. ఆమె నమ్మకం పరాయి ఇంటి నమ్మకం కాదు, మన ఆడపడుచు నమ్మకమే తిరిగి మన ఇంటికి వచ్చింది. ఉభయకులాలు అని శాంతిశ్రీ రాయించినప్పుడు ఆ రెండూ పెనవేసుకున్న కులాలే. రాజులు తమను వాసిష్ఠీపుత్రుడనీ మాఠరీపుత్రుడనీ తల్లి గోత్రంతో చెప్పుకున్నారు. దీనినిబట్టి మాతృస్వామ్యం ఉండేదని ఎగిరి గంతులేయనక్కర లేదు, సింహాసనం తండ్రినుంచి కొడుకుకే వెళ్ళింది. కాని పుట్టింటి పేరు ఆడదాని వెంట ఉండేదని మాత్రం తేలుతుంది.

రెండోది అంతకంటే ముఖ్యం. ఈ స్త్రీల చేతిలో డబ్బుంది. భర్త ఇచ్చిందని గాని, రాజు అనుమతించాడని గాని ముందుగా రాసుకోకుండా తమ పేరునే చెక్కించగలిగినంత డబ్బు. రాతిస్తంభం, శిల్పుల కూలి, భిక్షువుల వస్త్రాలు, అన్నం, ఇవి పుణ్యంతో వచ్చేవి కావు. నమ్మకం ఎవరికైనా మనసులో ఉండవచ్చు. ఇంటి పెద్ద ఒక దేవుణ్ణి కొలుస్తుండగా తను మరొకరిని బాహాటంగా కొలవాలంటే ఆమె సంచీ ఆమె చేతిలో ఉండాలి. ఈ మూలసూత్రాన్ని వదిలిపెట్టి సహనం గురించి మాట్లాడేవాళ్ళంతా గాలిలో మాట్లాడుతున్నారు.

సంచీ లేనివారి మాటేమిటి? లక్షల నాగళ్ళ నేల దానమిచ్చాడన్న చోట ఆ నాగళ్ళ వెనక నడిచినవాళ్ళు ఏ దేవుణ్ణి కొలిచారో ఏ స్తంభమూ చెప్పదు. బోధిశ్రీ శాసనం చివర, ఈ పని రాతిపనివాడు విధికునిది అని ఒక ముక్క ఉంది. అతని పేరు దక్కడమే భాగ్యం. అతను బుద్ధుని పాదాలు చెక్కి ఇంటికి వెళ్ళి ఏ అమ్మవారికి కోడిని కోశాడో! అంతకు పూర్వం అమరావతిలో మరో విధికుడు కనిపిస్తాడు. అతను తోలుపని చేసేవాడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను స్తూపానికి ఇచ్చాడు. కింది కులపువాడు తన పేరుతో, తన వృత్తితో పవిత్రస్థలంలో నిలబడిన ఆ పలకను నేను ఇక్ష్వాకు రాణుల స్తంభాలన్నిటికంటే ఎక్కువగా ప్రేమిస్తాను. అయితే అక్కడ ఇంటిల్లిపాదీ ఒకే దానం చేశారు. పేదవాడి ఇంట్లో రెండు అభిరుచులకు చోటుందో లేదో ఆ పలక చెప్పదు.

విష్ణుకుండిన వంశంలోనూ ఇదే కనబడుతుంది. గోవిందవర్మ తన రాణి కట్టించిన విహారానికి ఊళ్ళిచ్చాడు. ఆ వంశంలోనే మాధవవర్మ పదకొండు అశ్వమేధాలు చేశానన్నాడు. తూర్పు చాళుక్యులలో కుబ్జవిష్ణువర్ధనుని రాణి అయ్యణ మహాదేవి బెజవాడలోని జైన వసదికి ముసినికొండ గ్రామం ఇప్పించింది. పదో శతాబ్దంలో రెండో అమ్మరాజు చామెకాంబ అనే గణిక కోరికమీద జైనాలయపు అన్నసత్రానికి కలుచుంబర్రు గ్రామం ఇచ్చాడు. హనుమకొండలో 1117లో రెండో ప్రోలుని మంత్రి బేతన భార్య మైలమ కడలాలయ బసది కట్టించింది. ఏలినవారేమో కాలాముఖ గురువుల శిష్యులు. పట్టికను ఇంకా పెంచవచ్చు, పెంచి ప్రయోజనం లేదు.

ఒక బ్రాహ్మణ గృహస్థుని ఇంటిని మాత్రం చూడవలసి ఉంది. కన్నడ ఆదికవి పంపని పూర్వులు వేంగినాటివారు. ముత్తాత వరసలో మాధవ సోమయాజి యజ్ఞాలు చేసినవాడు. తండ్రి జైనం పుచ్చుకున్నాడు. ఈ మార్పును పంపడు దాచకుండా, తండ్రిని మెచ్చుకుంటూనే చెప్పాడు, సోమయాజినీ వదలలేదు. వేములవాడలో అరికేసరి ఆస్థానంలో ఉండి అతడు రెండు కావ్యాలు రాశాడు. ఒకటి ఆదిపురాణం, జినునిది. రెండోది విక్రమార్జున విజయం, భారతకథ. ఒకటి ఆగమం, ఒకటి లౌకికం. తండ్రి మతానికి ఒకటి, తాతముత్తాతలు చెప్పుకున్న కథకు ఒకటి. అతని తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ ప్రాంతపు కుర్క్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జినబింబాలు చెక్కించి, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషలలో శాసనం వేయించాడు. నన్నయకు నూరేళ్ళు ముందటి తెలుగు కందపద్యాలు మనకు దొరికింది అక్కడే. తెలుగు పద్యచరిత్రలో తొలి పుటలలో ఒకటి మతం మారిన కుటుంబంలో పుట్టిందన్న సంగతిని మన సాహిత్య చరిత్రలు ఇంకా గట్టిగా చెప్పవలసి ఉంది.

ఇక మనకు ఇబ్బందైన భాగం. పన్నెండు, పదమూడు శతాబ్దాల వీరశైవాన్ని అభ్యుదయ విమర్శకులం తల ఎత్తి కీర్తిస్తాం. బసవేశ్వరుడు ఉపనయనం కాదని ఇల్లు విడిచాడు. పాల్కురికి సోమనాథుడు జాను తెనుగును, ద్విపదను, చాకలిని, మాదిగను కావ్యంలో నిలబెట్టాడు. ఇదంతా అక్షరాలా నిజం. ఆయనను మార్గకవులు పక్కన పెట్టినప్పుడు మనమే వెలికి తెచ్చి గౌరవించాం, మంచి పని చేశాం. కాని అదే సోమనాథుని లోకంలో శివభక్తుడు కానివాడు భవి. భవి తల్లయినా, తండ్రయినా, వాడితో పొత్తు లేదు. పండితారాధ్య చరిత్రలో చందవోలు కొలువులో బౌద్ధాచార్యునితో వాదం జరుగుతుంది. పండితుని శిష్యులు ఆ బౌద్ధుణ్ణి చంపేస్తారు. రాజు పండితుని కళ్ళు తీయిస్తే, కవి కన్నీరంతా ఆ కళ్ళకోసమే. చచ్చిన బౌద్ధుడికి ఒక్క చుక్క లేదు.

కులం గోడ పగలగొట్టిన చేతులే ఇంటి మధ్య మతం గోడ కట్టాయి. దీనిని వైరుధ్యమని పేరు పెట్టి పక్కకు తప్పుకోవడం మనకు అలవాటు. కారణం వెతకాలి. కులం వదిలి వచ్చిన మాదిగకూ, చాకలికీ పాత బంధువర్గం వెలి వేసింది. వారికి నిలువనీడ భక్తసమూహమే. ఆ సమూహం గట్టిగా మూసుకోకపోతే వాళ్ళు బతకలేరు. శాంతిశ్రీకి మెట్టినిల్లూ పుట్టినిల్లూ రెండూ ఉన్నాయి, ఉదారంగా ఉండగలిగింది. ఇల్లే లేనివాడి ఉదారత ఖరీదైనది. ఈ మాట సోమనాథునికి సమర్థన కాదు, అర్థం చేసుకోవడం మాత్రమే. మన సొంత ఉద్యమాలలో, చీలికల కాలంలో, నిన్నటిదాకా ఒక కంచంలో తిన్నవాళ్ళు వేరే పార్టీవాడని తమ్ముడి పెళ్ళికి వెళ్ళకపోవడం చూసినవాళ్ళకు భవి అన్న మాట మరీ పాతగా తోచదు.

తిక్కన హరిహరనాథుణ్ణి తెచ్చింది ఈ కాలంలోనే. శైవ వైష్ణవ కలహాల మధ్య నెల్లూరి మంత్రి పదిహేను పర్వాలను ఇద్దరూ ఒక్కటైన దేవునికి అంకితమిచ్చాడు. గొప్ప పనే. అయినా ఆ సమన్వయంలో ఇద్దరికే చోటు. గణపతిదేవుని సభలో తిక్కన జైనులనూ బౌద్ధులనూ వాదంలో ఓడించాడని తర్వాతివాళ్ళు సిద్ధేశ్వర చరిత్రలో కథ కట్టారు. చరిత్రగా దానిని నమ్మనక్కర లేదు. కాని కథ కట్టినవాళ్ళకు సమన్వయకర్త చేతనే మూడోవాణ్ణి బయటకు గెంటించాలని తోచిందంటే, అప్పటికి లోకం ఎట్లా మారిందో తెలుస్తుంది. ఇద్దరు దేవుళ్ళను ఒకటి చేస్తే గాని ఇంట్లో ఉండనివ్వలేని స్థితి వచ్చింది. శాంతిశ్రీ తన బుద్ధుణ్ణీ అన్నగారి మహాసేనుణ్ణీ ఒకటి చెయ్యలేదు. వేర్వేరుగానే ఒక రాతిమీద రాయించింది. ఈ రెండింటిలో నాకు రాణివాసపు పద్ధతే నచ్చుతుంది. తిక్కన అభిమానులు నన్ను మన్నించాలి.

ఆడవాళ్ళ సంచీ గురించి పైన చెప్పిన మాటకు తిరిగి వస్తాను. 1956 హిందూ వారసత్వ చట్టం కూతురికి వాటా ఇచ్చినా, ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి అమలైన సవరణతో ఆ హక్కు వచ్చింది. దేశమంతటికీ 2005లో గాని రాలేదు. చట్టంలో వచ్చింది గాని కాగితాలమీద సంతకం పెట్టి అన్నదమ్ములకు వదిలేసే ఆడపడుచులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అలాంటి ఇంట్లో ఆమె ఏ గుడికి వెళ్ళాలో, అసలు వెళ్ళకుండా ఉండాలో ఎవరు నిర్ణయిస్తారో వేరే చెప్పనక్కర లేదు.

మొన్న ఒక తరగతిలో ఈ శాంతిశ్రీ స్తంభం పాఠం చెబుతుండగా ఒక విద్యార్థిని లేచి, మా ఇంట్లోనూ అంతేనండీ అన్నది. తల్లి ఆదివారం చర్చికి వెళుతుంది. తండ్రి అంకమ్మ కొలుపులకు వెళతాడు. పోట్లాట లేదు. తల్లి క్రిస్మస్‌కు వండితే తండ్రి తింటాడు, కొలుపుల నాడు ఆమె వండి పెడుతుంది. తన మటుకు తనకు రెండూ అక్కర లేదు, అంబేద్కర్ పుస్తకాలు చదువుకుంటున్నది. చిక్కల్లా కుల ధ్రువపత్రం దగ్గర వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులే షెడ్యూల్డు కులాలవారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మతం మారిన దళిత క్రైస్తవుడు మన దగ్గర వెనకబడిన తరగతుల సి గ్రూపులోకి, ఒక్క శాతంలోకి వెళ్ళాలి. ఆ ఇంట్లో తండ్రి కాగితాలు సరిగానే ఉన్నాయి. ఎవరో తల్లి చర్చి సంగతి పైకి రాశారు. విచారణకు వచ్చిన ఉద్యోగి ఇంట్లో గోడమీద ఏ పటం ఉందో చూసుకుని వెళ్ళాడట. ఆ రోజు తల్లి తన సిలువను ముగ్గుడబ్బాలో పెట్టి మూత వేసింది.

ఇక్ష్వాకుల ఇంట్లో ఇలా ఎవరైనా వచ్చి చూసేవాళ్ళా అని అడిగిందా పిల్ల. లేదని చెప్పాను. స్తంభం బయటే ఉంది, అందరికీ కనిపించేటట్టు, పేరుతో సహా. ఆ పిల్ల తన నోటుపుస్తకంలో శాంతిశ్రీ పేరు రాసుకుని, కింద ఆరో పాలనా సంవత్సరం అని వేసుకున్నది.